వాన కురుస్తుండగా వచ్చి చూడండి: కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్య కార్యదర్శికి, సభ్యులకు,
విజయవాడ.

అయ్యలారా, అమ్మలారా,

చింతలపూడి నేల అడుగున బొగ్గు ఉందన్నది పాత సంగతే. దక్షిణాదిలో రాతి బొగ్గు దొరికేది గోదావరి లోయలోనే. ఆదిలాబాద్ వైపు నుంచి ఆగ్నేయంగా సాగి వచ్చిన ఆ లోయ చివరి భాగం మన ఏలూరు జిల్లాలోకి దిగుతుంది. అక్కడ తవ్వకాల మాట కొన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. ఇవాళ కాకపోతే రేపు ఆ దస్త్రం మీ దగ్గరికి వస్తుంది. పర్యావరణ అనుమతి ఢిల్లీ నుంచి రావచ్చు గాని, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపేది మీరు. 1974 నీటి చట్టం కింద గని పెట్టుకోవడానికి ఒకసారి, నడుపుకోవడానికి మరోసారి సమ్మతి ఇవ్వాల్సిందీ మీరే. గని కావాలా వద్దా అన్న చర్చలోకి నేనిప్పుడు వెళ్లడం లేదు. గని మీద పడే వాన గురించి, ఆ వాన మోసుకొచ్చే మట్టి గురించి, ఆ మట్టిని ఆపుతామని గనుల పర్యావరణ నివేదికలు ప్రతిదానిలోనూ బొమ్మ గీసి చూపించే సెడిమెంట్ చెరువు, అంటే బురద నీళ్లను నిలిపి మట్టిని అడుగుకు దిగనిచ్చే చెరువు, దాని గురించి మాత్రమే ఈ లేఖ.

నేను సివిల్ ఇంజినీర్ని. ఉద్యోగంలో ఎక్కువ కాలం బొగ్గు గనుల దగ్గర డ్రెయిన్లు, కట్టలు, పంపుల పనుల మధ్యే గడిచింది. రిటైరయ్యాక విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఉండేవాడికి చింతలపూడితో ఏం పని అని మీరు అడగవచ్చు. మైలవరం వైపు కొండల్లో పుట్టి మా పక్కనే పారే బుడమేరు ఎక్కడికి పోతుందో, చింతలపూడి మీదుగా ఏలూరు చేరే తమ్మిలేరూ అక్కడికే పోతుంది. రెండూ కొల్లేట్లో కలుస్తాయి. కొల్లేరు నీళ్లు సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సు అడుగు మెరక అయినా, ఉప్పుటేరు పూడినా నీళ్లు వెనక్కి తంతాయి, లంక గ్రామాల్లో, పొలాల్లో నిలుస్తాయి. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. అందులోకి దిగే ప్రతి ఏరూ ఎంత మట్టి తెస్తోందో లెక్క ఉండి తీరాలి. ఇంకో మాట. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మండే బొగ్గుతో మా ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. బొగ్గు వాడుకునే ఊరికి బొగ్గు తీసే ఊరి నీళ్ల మీద బాధ్యత ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

నేలను పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కంటే ముందు బయటికి వచ్చేది మట్టి, రాయి. గనుల్లో దాన్ని ఓబీ అంటారు. టన్ను బొగ్గు తీయాలంటే కొన్ని ఘనపు మీటర్ల ఓబీ ఎత్తిపోయాల్సి రావచ్చు. యుగాలుగా అడుగున బిగుసుకుని ఉన్న ఇసుకరాయి, బంకమట్టి, పలకరాయి ఛిద్రమై గుట్టలుగా పైకి లేస్తాయి. వాటి మీద గడ్డి ఉండదు, వేళ్ల పట్టు ఉండదు. ఆ వాలు మీద గట్టి వాన పడితే ముందు సన్నటి చారలు పడతాయి, అవి కాలువలవుతాయి, కాలువలు కోసుకుపోయి లోతైన వంకలు అవుతాయి. డంపర్లు తిరిగే హాల్ రోడ్ల మీద నేల టైర్ల కింద నలిగి మెత్తటి దుమ్ముగా సిద్ధంగా ఉంటుంది, తొలకరి జల్లుకే కొట్టుకొస్తుంది. బొగ్గు యార్డు నుంచి నల్ల నీళ్లు, వర్క్‌షాపు నుంచి నూనె తెట్టు కట్టిన నీళ్లు. భూగర్భ గని అయితే ఓబీ గుట్టలు చాలా తక్కువగా ఉంటాయి గాని, యార్డూ ఉంటుంది, లోపలి నుంచి తోడి పోసే నీళ్లూ ఉంటాయి. కాబట్టి అక్కడ ఏ రకం గని వచ్చినా ఈ మాటలు వర్తిస్తాయి.

గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయ, అస్సాం గనుల దగ్గరలా నీళ్లు ఆమ్లమై వాగులు ఎర్రబారే బెడద ఇక్కడ పెద్దగా ఉండదు. అది మన అదృష్టం. కానీ ఆ అదృష్టమే ఒక అలసత్వానికి కారణమవుతోంది. విషం కాదుగా, మట్టేగా అంటారు. మట్టి ఏం చేస్తుందో గని దిగువన ఉన్న రైతును అడగండి. ఊరి చెరువులో ఏటా పూడిక పేరుకుంటే చివరి తడికి నీళ్లుండవు. వాగు అడుగు మెరకైతే మునుపు ఒడ్డుల మధ్య పోయిన వరదే ఇప్పుడు పొలాల మీదికి ఎక్కుతుంది. నారుమడి మీద సన్నటి బంక పరుచుకుని ఎండితే గట్టి పొరై కూర్చుంటుంది, మొలక పైకి రాలేదు. చేపల మొప్పల్లో మట్టి చేరుతుంది. నీళ్లు మసకబారి వెలుగు లోపలికి దిగకపోతే అడుగున నాచు, మొక్కలు చస్తాయి, వాటిని తిని బతికేవీ పోతాయి. కొల్లేటి మీద బతికే వేలాది కుటుంబాలకు ఇది ప్రాణం మీది సంగతి.

గనిలో నీటి పని మొదలయ్యేది చెరువు దగ్గర కాదు, చెరువుకు చాలా ఎగువన. మొదటి సూత్రం, మంచి నీళ్లు గనిలోకి రాకూడదు. గని ఎగువన అడవి మీద, పొలాల మీద పడిన వాన తేటగానే వస్తుంది. దాన్ని గని చుట్టూ మళ్లింపు కాలువతో తిప్పి తిన్నగా వాగులో కలపాలి. అది గని లోపలి బురద నీటితో కలిసిందంటే మొత్తం బురద నీరే, ఆ మొత్తానికీ చెరువు కట్టాల్సిందే. ఈ ఒక్క కాలువ సరిగ్గా తవ్వితే చెరువు ఖర్చు సగానికి పడిపోయే చోట్లుంటాయి. అయినా దాన్ని నిర్లక్ష్యం చేస్తారు. ఎందుకంటే ఆ కాలువ వెళ్లాల్సిన నేల చాలాసార్లు గని లీజు హద్దు బయట ఉంటుంది, భూసేకరణ తలనొప్పి. మీ ముందుకు వచ్చే పటంలో గని గీత ఒక్కటే చూడకండి. గనిలోకి నీళ్లు దిగే మొత్తం పరీవాహకం గీత గీయమనండి, మళ్లింపు కాలువ ఎవరి భూమిలోంచి పోతుందో రాయమనండి.

ఇక లెక్క. ఒక ఊహా గనిని తీసుకుందాం. 50 హెక్టార్ల ఓబీ గుట్టల నీళ్లు ఒక చెరువులోకి వస్తాయనుకోండి. 24 గంటల్లో 20 సెంటీమీటర్ల వాన పడింది. అందులో 70 శాతం పైనుంచి పారిందనుకుంటే 70,000 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు 7,000. చెరువు 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ఉంటే అందులో పట్టేది 15,000 ఘనపు మీటర్లు. ఇదే వాన రోజంతా సమంగా పడదు గదా. నాలుగో వంతు ఒక్క గంటలో కుమ్మరించిందంటే, ఆ గంటలో వచ్చే నీళ్లు 17,500 ఘనపు మీటర్లు, చెరువు మొత్తం కంటే ఎక్కువ. నివేదికల్లో చెరువు కొలతలు ఉంటాయి, సగటు వార్షిక వర్షపాతం ఉంటుంది, ఈ గంట లెక్క మాత్రం తరచూ ఉండదు. సగటు వాన ఏ కట్టనూ తెంచదు.

20 సెంటీమీటర్ల వాన మరీ పెద్ద ఊహేమీ కాదు. వాతావరణ శాఖ 24 గంటల్లో 20.45 సెంటీమీటర్లు, ఆపైన పడిన వానను అత్యంత భారీ వర్షం అంటుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో అలాంటి వానను విజయవాడ చూసింది. బొగ్గు గనులకు కేంద్రం ఇచ్చే అనుమతుల్లో ఒక షరతు మామూలుగా ఉంటుంది. గార్లాండ్ డ్రెయిన్లు (గుట్టల చుట్టూ, గని చుట్టూ తవ్వే కాలువలు), సంపులు (నీళ్లు చేరే గుంటలు) ఆ ప్రాంతపు అతి పెద్ద ఆకస్మిక వానకు సరిపడా ఉండి, పైన ఇంకో 50 శాతం మిగులు ఉండాలని. షరతు మంచిదే. కానీ అతి పెద్ద వాన ఏది, ఏ కేంద్రంలో కొలిచింది, ఏ ఏడాది వరకు తీసుకున్నారు అన్నది నివేదిక రాసేవారి చేతిలో ఉండిపోతుంది. అమెరికాలో 1977 గనుల చట్టం కింద వచ్చిన నియమాల్లో కనీసం పదేళ్లకొకసారి వచ్చే 24 గంటల వాన అని కొలబద్ద తేల్చి రాశారు. మన తీరానికి ఇంకా గట్టి కొలబద్ద కావాలి. మీరు ఇచ్చే సమ్మతిలో వాన అంకె వేయండి, గంటకు ఎంత, రోజుకు ఎంత అని. 2024 వానలు ఆ లెక్కలో చేరి ఉండాలి.

నీళ్లు పట్టడం ఒక ఎత్తు, మట్టి దిగడం ఇంకో ఎత్తు. రేణువు సైజు సగమైతే అది నీళ్లలో కిందికి దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు దిగడానికి రెండు నిమిషాలు చాలు. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు దాదాపు పదమూడు రోజులు! ఇది ఎవరూ కదపని నీటిలో. పారుతున్న చెరువులో ఇంకా కష్టం. బొగ్గు పొడి రాయి కంటే తేలిక కాబట్టి అదే సైజు మట్టి రేణువు కంటే సుమారు నాలుగు రెట్లు ఆలస్యంగా దిగుతుంది. ఇందాకటి ఊహా చెరువులోకి ఆ గంట వాన వచ్చినప్పుడు ఇసుక ఆగుతుంది, ముతక ఒండ్రు ఆగుతుంది, సన్న ఒండ్రు, బంక, బొగ్గు పొడి అలుగు దాటి వెళ్లిపోతాయి. వాగును పాడు చేసేవీ, కొల్లేటి దాకా ప్రయాణించేవీ ఆ దాటిపోయినవే.

చెరువు లోతు పెంచామని గొప్పగా చెప్పే నివేదికలు చదివాను. మట్టి దిగడానికి కావాల్సింది లోతు కంటే నీటి ఉపరితలం. ఎంత నీళ్లు వస్తున్నాయి, ఎంత విస్తీర్ణం మీద పరుచుకుంటున్నాయి అన్నదే రేణువు ఆగుతుందో లేదో తేలుస్తుంది. లోతు పనికొచ్చేది పూడిక దాచుకోవడానికి. ఆ తర్వాత ఆకారం. నీళ్లు వచ్చే చోటు, పోయే చోటు పక్కపక్కనే ఉంటే చెరువు ఎంత పెద్దదైనా దండగ, నీళ్లు దగ్గరి దారిన తూముకు చేరతాయి, మిగతా చెరువు ఊరికే నిలిచి ఉంటుంది. వెడల్పుకు కనీసం మూడింతలు పొడవుండాలి, లేదా మధ్యలో అడ్డుగోడలు కట్టి నీళ్లను మెలికలు తిప్పాలి. ముందు ఒక చిన్న చెరువు ఉంటే ముతక మట్టి అందులోనే ఆగుతుంది, తేలిగ్గా ఎత్తిపోయవచ్చు. వెనక పెద్ద చెరువు సన్న మట్టికి. బంకమట్టి ఎక్కువున్న చోట పటికో పాలిమరో కొలత ప్రకారం కలిపితే రేణువులు గుంపు కట్టి దిగుతాయి. ఎంత కలపాలో ఆ మట్టితోనే జాడీ పరీక్ష చేసి తేల్చాలి, ఎక్కువైతే దిగువ జలచరాలకు అదే హాని. ఇవన్నీ ఎప్పటి నుంచో తెలిసిన పనులు. కొత్త కనిపెట్టుడు ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. సెడిమెంట్ చెరువు బాగా పనిచేస్తే అది పూడిపోతుంది. దాని పనే అది. కాబట్టి పూడిక తీయని చెరువు, చెరువు లేకపోవడంతో సమానం. మూడు మీటర్ల చెరువులో రెండు మీటర్లు మట్టి నిండితే పటంలో చెరువు అలాగే ఉంటుంది, తనిఖీ పుస్తకంలో సెడిమెంట్ పాండు ఉంది అని టిక్కు పడుతుంది, వాన రోజున మాత్రం నీళ్లు వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. పైగా జోరుగా పారే నీళ్లు పాత పూడికను కూడా రేపి తీసుకెళ్తాయి.

పూడికతీత అనగానే అందరూ వానాకాలానికి ముందు, మే నెలలో అంటారు. తెలంగాణ గనులకు అది చాలేమో గాని కోస్తాకు చాలదు. మనకు వాన రెండు కాన్పులుగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ వెంటనే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లు, వాయుగుండాలు. నైరుతి వానలు చెరువును సగం పూడ్చి వెళ్లాక అసలు గట్టి దెబ్బ తుపానుది. అందుకని మే నెలాఖరుకు ఒకసారి, సెప్టెంబరు నెలాఖరుకు ఇంకోసారి పూడిక తీసి తీరాలి. సెప్టెంబరులో చెరువు నిండా నీళ్లుంటాయి కదా, ఎలా తీస్తారు అంటారు. అందుకే పక్కపక్కనే రెండు చెరువులు ఉండాలి, ఒకదాన్ని ఆపి ఆరబెట్టి తీస్తుంటే రెండోది పనిచేయాలి. ఇది మొదట్లోనే, డిజైన్లోనే రాసుకోవాల్సిన మాట. గని మొదలయ్యాక స్థలం దొరకదు. ప్రతి చెరువు మధ్యలో ఒక కాంక్రీటు స్తంభం పాతి, పూడిక ఇంతకు మించకూడదని ఎర్ర గీత గీయించండి. ఆ గీత ఊరివాళ్లకు కట్ట మీద నుంచి కనబడాలి. తీసిన పూడిక ఎక్కడికి పోయిందో కూడా అడగండి. కట్ట పక్కనే కుప్పపోసి వదిలేస్తే తర్వాతి వానకు తిరిగి చెరువులోకే వస్తుంది. బిల్లు మాత్రం అప్పటికే పాసై ఉంటుంది.

నీటి నమూనాల సంగతి. 2000 సెప్టెంబరులో బొగ్గు గనుల కోసం ప్రత్యేకంగా వచ్చిన ప్రమాణాల ప్రకారం, బయటి వాగుల్లోకి వదిలే నీటిలో తేలియాడే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. గుట్ట మీంచి వచ్చే పచ్చి బురద నీటిలో అది వేలల్లో ఉండడం మామూలు. కానీ నమూనా ఎప్పుడు తీస్తున్నారు? వాన వెలిసి, రోడ్డు ఆరి, జీపు పోయే వీలు చిక్కాక. అప్పటికి చెరువులో నీళ్లు తేటపడి ఉంటాయి, సీసాలో నీళ్లు మెరుస్తాయి, అంకె 100 లోపే వస్తుంది. ఆ అంకెలో అబద్ధం లేదు, కానీ అది ఆ గని గురించి ఏమీ చెప్పదు. ఏడాదిలో బయటికి పోయే మట్టిలో చాలా భాగం కొద్ది గంటల పెద్ద వానల్లోనే పోతుంది. ఆ గంటల్లో తీసిన నమూనా ఒక్కటి, మిగతా ఏడాది తీసిన వాటన్నిటి కంటే విలువైనది.

అందుకే అడుగుతున్నాను, వాన కురుస్తుండగా వచ్చి చూడండి. మీ అధికారులను ప్రాణాల మీదికి తెచ్చుకోమనడం లేదు. నీళ్లు ఒక మట్టం దాటగానే తనంతట తనే సీసాలు నింపుకునే యంత్రాలున్నాయి. నీటి మసకను నిమిషనిమిషానికీ కొలిచే టర్బిడిటీ మీటర్లున్నాయి. పెద్ద పరిశ్రమల పొగగొట్టాలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టించి వాటి అంకెలు మీ సర్వర్‌కు చేరేలా చేసింది మీలాంటి మండళ్లే. గని అలుగు దగ్గర కూడా అలాంటిదే పెట్టించండి, పక్కన వానమాపకం కూడా పెట్టించండి. ఆ రెండు గీతలు ఒకే కాగితం మీద వేసి చూస్తే చెరువు పనిచేస్తోందో లేదో పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. ఆ కాగితం మీ కార్యాలయంతో పాటు గ్రామ సచివాలయం గోడ మీద కూడా ఉండాలి.

గనిలోపలి సంపు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే బయటివాళ్లకు ఇది కనబడదు. పెద్ద వాన పడితే గని అడుగున నీళ్లు నిలిచి బొగ్గు తీత ఆగిపోతుంది. ప్రతి గంటా నష్టమే కాబట్టి పంపులన్నీ ఒక్కసారిగా నడిపి నీళ్లు బయటికి తోడేయాలన్న ఒత్తిడి మేనేజరు మీద ఉంటుంది. అప్పుడు చెరువు దాకా తీసుకెళ్లే తీరిక ఉండదు, దగ్గర్లో ఉన్న వాగులోకి పైపు తిరుగుతుంది. మనుషులను తిట్టి లాభం లేదు, ఏర్పాటు మార్చాలి. గనిలో మెట్లుగా తవ్వే బెంచీల్లో అన్నిటికంటే అడుగుదాన్ని వానాకాలమంతా సంపుకే వదిలేయాలి, బొగ్గు తీత పై బెంచీల్లో సాగాలి. పంపు మూతిని తెప్ప మీద పెట్టి పై తేట నీళ్లే పీల్చాలి. పంపు నడిచిన గంటలు, పైపు ఎటు తిరిగింది అన్నవి లాగ్ బుక్కులో ఉండాలి, ఆ పుస్తకం మీ తనిఖీలో మొదట అడగాల్సిన పుస్తకం.

ప్రజాభిప్రాయ సేకరణకు ముందే సరిదిద్దాల్సింది ఒకటుంది. గని నివేదికకు ఆధారమయ్యే నీటి, గాలి, నేల వివరాలను వానాకాలం కాని ఒక సీజన్లో సేకరిస్తే చాలని మామూలు నిబంధన. అంటే తమ్మిలేరు దాదాపు ఎండిపోయి, మిగిలిన మడుగుల్లో నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు కొలిచి, ఇదే ఈ ఏటి సహజ స్థితి అని రాస్తారు. రేపు గని వచ్చాక వానాకాలంలో ఏరు బురదగా పారితే, ముందు ఎలా పారేదో చెప్పే అంకె ఎవరి దగ్గరా ఉండదు. కంపెనీ ఎప్పుడూ ఇలాగే ఉండేది అంటుంది, రైతు లేదంటాడు, రుజువు ఇద్దరి దగ్గరా లేదు. తవ్వకం మొదలు కాకముందే కనీసం రెండు వానాకాలాలు, తుపాను నెలలతో సహా, తమ్మిలేరులోనూ దాని ఉపవాగుల్లోనూ నీటి మసకను కొలిపించండి. దీనికి గని కంపెనీ కోసం ఎదురుచూడక్కర్లేదు. నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరు జలాశయం ఉంది, అక్కడి నుంచి ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.

నివేదిక పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో వచ్చేది క్లుప్తంగా సారాంశం. ఆ సారాంశంలో ఉద్యోగాల అంకెలు, మొక్కల అంకెలు ఉంటాయి. నీళ్ల అధ్యాయం మొత్తం తెలుగులో ఇవ్వమనండి, పటంతో సహా. ముప్పై రోజుల ముందు నోటీసు ఇస్తారు గదా, ఆ ముప్పై రోజుల్లో ఊరి చెరువు నీటి సంఘం వాళ్లు కూర్చుని ఆ పటం చదువుకోగలగాలి. కట్ట, తూము, అలుగు, గండి అన్న మాటలు వాళ్లకు ఏ కన్సల్టెంటు కంటే బాగా తెలుసు. ఎక్కడ నీళ్లు ఎదురు తిరుగుతాయో, ఏ వంకకు పాతికేళ్ల కిందట ఎంత నీళ్లు వచ్చాయో చెప్పేదీ వాళ్లే.

ఇక కట్ట. సెడిమెంట్ చెరువుల కట్టలు ఎక్కువగా గని మట్టితోనే, డంపర్లతో పోసి డోజర్లతో అదిమి కడతారు. సరైన అలుగు లేని మట్టి కట్ట మీంచి నీళ్లు దాటితే అది నిలబడదు. దాటిన చోట మొదట కట్ట వెనక వైపు వాలు కోసుకుపోతుంది, తర్వాత కట్ట తెగుతుంది. 2024లో కవులూరు దగ్గర బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఏం జరిగిందో మీరు చూశారు. గండ్లు పూడ్చడానికి సైన్యం సాయం తీసుకోవాల్సి వచ్చింది. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలిన బురదను ఫైరింజన్లు తెచ్చి కడిగారు. మంచాల కింద, బీరువాల్లో, గ్యాసు పొయ్యి గొట్టాల్లో, పిల్లల పుస్తకాల మధ్య ఎక్కడ చూసినా అదే మట్టి. ఒకసారి కట్ట తెగితే నెమ్మదిగా ఆపుకున్న మట్టంతా ఒకే రోజు దిగువ ఊరి మీద పడుతుందన్నది ఈ నగరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి సమ్మతి ఇచ్చే ముందు అలుగు లెక్క చెరువు లెక్కకంటే పెద్ద వానకు చేయించండి. కట్ట దిగువన ఎన్ని ఇళ్లున్నాయి, తెగితే నీళ్లు ఎంతసేపట్లో చేరతాయి, ఎవరు ఎవరికి ఫోను చేయాలి అన్నది రాయించండి. కట్ట మీద తుమ్మ, సర్కారు కంప లాంటివి పెరిగితే వేళ్ల వెంట నీళ్లు ఊరతాయి, ఎలుకలు బొరియలు చేస్తాయి. ఇవి చూసేందుకు వానాకాలంలో రోజూ కట్ట మీద నడిచే మనిషి ఒకడుండాలి. చెరువుల కాలంలో మన ఊళ్లలో నీరుకట్టు చేసిన పని అదే.

గని మూతపడ్డాక కూడా ఈ పని ఆగదు. బొగ్గు అయిపోయిన రోజున గుట్టలు అక్కడే ఉంటాయి, వాన మానదు. గడ్డి, చెట్లు పట్టు దొరకబుచ్చుకునే దాకా డ్రెయిన్లు, చెరువులు నడవాలి. 2009 నుంచి గని మూసివేతకు డబ్బు ముందే ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా కంపెనీ తీసుకోలేని ఖాతాలో, జమ చేసే పద్ధతి ఉంది. ఆ ఖాతా విడుదలయ్యే ముందు చివరి రెండు వానాకాలాల అలుగు అంకెలు మీరు చూసి సరే అనాలని కేంద్రానికి రాయండి. అసలు మంచి మార్గం, గని నడుస్తుండగానే పూర్తయిన గుట్టను పూర్తయినట్టే వాలు తగ్గించి, మెట్లు కట్టి, విడిగా దాచిన పై మట్టి పరిచి, పచ్చిక వేయడం. వేరు పట్టిన గుట్ట నుంచి చెరువుకు వచ్చే మట్టే తగ్గిపోతుంది.

చింతలపూడి గని వచ్చే దాకా ఇవన్నీ ఆగాల్సిన అవసరం కూడా లేదు. బొగ్గు యార్డులు, బూడిద చెరువులు, కొండపల్లి చుట్టుపక్కల రాతి క్వారీలు, క్రషర్లు ఇవాళే మీ సమ్మతితో నడుస్తున్నాయి. బుడమేరు పరీవాహకంలో ఉన్న ప్రతి క్వారీ దగ్గరా వాన నీళ్లు ఎటు పోతున్నాయో ఒక్క వానాకాలం చూడండి. గని కోసం రాసుకునే నిబంధన ముందు ఇక్కడ, మీ కార్యాలయానికి గంట దూరంలో, అమలు చేసి చూస్తే ఏది కుదురుతుందో ఏది కుదరదో మీకే తెలుస్తుంది.

మండలిలో సిబ్బంది తక్కువ, జిల్లా అంతా తిరగాలంటే జీపులు తక్కువ అని అంటారు. అది నిజమేనని నాకు తెలుసు. అందుకే కొలిచే పనిలో కొంత ఊళ్ల చేతిలో పెట్టమంటున్నాను. నీటి మసక కొలిచే గాజు గొట్టం చాలా చవక, అడుగున గీసిన నల్ల తెల్ల గుర్తు కనబడని ఎత్తు చూసి రాసుకోవడమే. చింతలపూడి, లింగపాలెం, ఏలూరు, కైకలూరు వైపు హైస్కూళ్లకూ, నీటి సంఘాలకూ, జాలర్ల సొసైటీలకూ అవి ఇచ్చి, వాన రోజున ఏటి దగ్గర కొలిచి రాయమనండి. ఆ రాతలు కోర్టులో రుజువుగా నిలవకపోవచ్చు. కానీ ఎక్కడ మీ యంత్రం పెట్టాలో, ఏ రోజు మీ మనిషి వెళ్లాలో చెప్పడానికి అవి చాలు.

ఈ సెప్టెంబరు నెలాఖరులోగా, తుపాను నెలలు మొదలవకముందే, ఈ లేఖకు జవాబు ఇవ్వమని కోరుతున్నాను. వాన అంకె, రెండుసార్లు పూడికతీత, వాన రోజు నమూనా, గని రాకముందే తమ్మిలేరు కొలత, ఈ నాలుగింటిలో దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని ఎందుకు ఒప్పుకోరో తెలుగులో రాసి, ఏలూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టరు కార్యాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
సింగ్‌నగర్, విజయవాడ